బిళ్ళలో దాగిన గొంతు

పూర్వము గ్రంథములు తాటియాకులపై వ్రాయబడుచుండెను. తాటియాకు ఎంత భద్రముగా దాచినను శాశ్వతముగా నిలుచునది కాదు. చెదలు తినును, తేమ పట్టును, అంచులు విరిగి పొడి యగును. కావున ఆకు శిథిలము కాకమునుపే వ్రాయసకాడు దానిని ఎదుట నుంచుకొని, గంటము చేతబట్టి, క్రొత్త యాకులపై మరల వ్రాసెడివాడు. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు రచించిన భారతభాగమును నేటి బాలబాలికలు చదువగలుగుటకు ఈ వ్రాయసకాండ్ర శ్రమయే కారణము. నన్నయ కాలమునాటి ఆకులు నేడు లేవు. ఉన్నవి వానికి ప్రతులు, ఆ ప్రతులకు ప్రతులు. ఏదో యొక తరమువారు "ఇప్పుడే తొందర యేమి?" యని యుపేక్షించి యున్నచో ఆ కావ్యము అంతటితో అంతరించి యుండెడిది.

అక్షరమునకు గల యీ భాగ్యము గొంతునకు చిరకాలము లేకుండెను. పాట వినినవారి చెవులలో నిలిచి, వారితోనే పోయెడిది. 1877లో అమెరికా దేశమున థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫు అను యంత్రమును నిర్మించి, పలికిన మాటను మరల పలికించెను. 1887లో ఎమిల్ బెర్లీనర్ అను నతడు స్తూపమునకు బదులు చదునైన పళ్ళెమును వాడు గ్రామఫోనును రూపొందించెను. 1902లో కలకత్తా నగరమున గౌహర్ జాన్ అను గాయని పాటలు ఇట్టి పళ్ళెముల కెక్కెను. జార్జి గ్రియర్సన్ నడపిన భాషా పరిశీలనకు అనుబంధముగా 1913 మొదలు 1929 వరకు భారతదేశ భాషలను ఎన్నింటినో గ్రామఫోను పళ్ళెములపై పట్టిరి. వానిలో తెలుగు కూడ కలదు. నాటి పళ్ళెము ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రమే పలికెడిది. తరువాత అయస్కాంతపు టేపు వచ్చెను. 1963లో ఫిలిప్స్ సంస్థ అరచేతిలో ఇముడు క్యాసెట్టును ప్రవేశపెట్టెను. 1982లో కాంపాక్టు డిస్కు వచ్చెను. 1992లో మినీడిస్కు వచ్చెను. ఇట్లు పాత్రలు మారుచు వచ్చెను. పాత పాత్రలోని పలుకును క్రొత్త పాత్రలోనికి చేర్చు పని మాత్రము యంత్రము తనంత తాను చేయదు. అది మనుష్యుడు పూనుకొని చేయవలసినదే.

ఈ పని ఎంత యవసరమో తెలియుటకు రంగారెడ్డి జిల్లాలోని మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతములను చూచిన చాలును. హైదరాబాదు నుండి పడమటగా బిజాపురమునకు పోవు బాట ఈ రెండూళ్ళ మీదుగా సాగును. ఆ బాట కిరుప్రక్కల నున్న వందలకొలది మర్రిచెట్లు మిక్కిలి ప్రసిద్ధములు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది ఈ ప్రాంతమునకు చేరువగా ప్రవహించి గండిపేట చెరువులో కలియును. 1908 నాటి మూసీ వరదల పిమ్మట నిర్మింపబూనిన ఆ చెరువు 1920లో పూర్తి యయ్యెను. ఆ చెరువు నీరు నగరమునకు పోయెడిది. పల్లెలలోని పొలములకు బావులే పెద్ద ఆధారము.

తెలంగాణమునందు బావినీటిని మోటతో తోడెడివారు. ఎడ్లజతకు మోకు కట్టి, తోలు బొక్కెనను బావిలోనికి విడిచెడివారు. ఎడ్లు వాలుబాటను దిగుచుండగా రైతు పాట యెత్తుకొనెడివాడు. బొక్కెన పైకి వచ్చి నీరు కాలువలో పడు క్షణమున పాట విరుపు తీసికొనెడిది. ఎడ్ల నడకయే ఆ పాటకు తాళము. చమురు యంత్రములు, విద్యుత్తు మోటార్లు వచ్చిన పిమ్మట మోట నిలిచెను. దానితో మోటపాటయు నిలిచెను. విసురురాయి మూలబడిన నాడు విసురురాతి పాట మూలబడెను. రోలు రోకలి విడిచిన నాడు దంపుళ్ళ పాట విడిచిపోయెను. పని పోయిన వెంటనే పాట పోదు. ఆ పని చేసిన వృద్ధుల గొంతులలో మరికొన్ని యేండ్లు నిలుచును. ఆ కొన్ని యేండ్లే దానిని పట్టుకొనుటకు గడువు.

పాటను పుస్తకములోని కెక్కించిన చాలదా యని యెవరైనను ప్రశ్నింపవచ్చును. అదియు గొప్ప సేవయే. ఆచార్య బిరుదురాజు రామరాజు 1950ల దశకమున ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు తెలుగు జానపద గేయ సాహిత్యముపై పరిశోధన చేసి, పల్లెపాటకు పండిత లోకమున స్థానము కల్పించెను. కాని అక్షరములలో పాట యొక్క మాటలు నిలుచును, వరుస నిలువదు. ఎచట శ్వాస తీసిరో, ఎచట గొంతు వణకెనో, వంత పాడువారు ఏ మాటపై అందుకొనిరో అక్షరము చెప్పజాలదు. అందులకు ధ్వని ముద్రణమే శరణ్యము. 1974లో జీన్ రోఘైర్ అను అమెరికా దేశీయుడు పలనాటికి వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడిన పలనాటి వీరుల కథను టేపులపై ముద్రించుకొనెను. దాని యాంగ్లానువాదము 1982లో గ్రంథరూపమున వెలువడెను. గ్రంథము చదివిన వారికి కథ తెలియును. టేపు విన్నవారికి గాలెయ్య గొంతు తెలియును.

టేపు, క్యాసెట్టుల పిమ్మట వచ్చిన మినీడిస్కు యొక్క చరిత్ర, ధ్వనిని దాచువారికి ఒక గుణపాఠము. జపాను దేశమునందలి సోనీ సంస్థ దీనిని 1992లో విపణిలోనికి తెచ్చెను. ఇది సుమారు 6.4 సెంటీమీటర్ల వ్యాసము గల చిన్న బిళ్ళ. దాని చుట్టును 7 సెంటీమీటర్ల పొడవు, అర సెంటీమీటరు మందము గల గట్టి తొడుగు ఉండును. చొక్కా జేబులో ఇముడు నట్టి యీ బిళ్ళపై 74 నిమిషముల ధ్వని పట్టును. తరువాతి కాలమున 80 నిమిషముల బిళ్ళలు కూడ వచ్చెను. యంత్రమును అరచేతిలో పట్టుకొని పొలము గట్టునకైనను, జాతరకైనను తీసికొనిపోవచ్చును. టేపులో వినవచ్చు బుసబుస శబ్దము ఇందులో లేదు. కావలసిన పాటను వెదకుటకు చుట్టవలసిన పని లేదు. ఒక పాటను రెండుగా విడదీయవచ్చును, రెండింటిని కలుపవచ్చును, ప్రతి పాటకు పేరు పెట్టవచ్చును. ఈ సౌకర్యముల వలన పెక్కు దేశములలో ఆకాశవాణి విలేఖరులును, సంగీత విద్యార్థులును దీనిని మెచ్చి వాడిరి.

ఈ బిళ్ళపై వ్రాత మిగుల చమత్కారమైనది. బిళ్ళలో అయస్కాంత గుణము గల పలుచని పొర యుండును. సాధారణ మగు వేడిమిలో ఆ పొర తన దిశను మార్చుకొనదు. క్రిందినుండి లేజరు కిరణము సూదిమొన కంటె సన్నని చోటును సుమారు 180 డిగ్రీల వరకు వేడి చేయును. అట్లు వేడెక్కిన చోట మాత్రమే, పైనున్న చిన్న అయస్కాంతము దిశను మార్చగలదు. చల్లారినంతనే ఆ దిశ స్థిరపడును. పోతపోసిన లోహము మూసలో గట్టిపడినట్లే యిదియు. చదువునప్పుడు లేజరును తక్కువ బలముతో ప్రసరింపజేయుదురు. పొర దిశను బట్టి, తిరిగి వచ్చు వెలుగు కంపించు దిశలో స్వల్పమైన భేద మేర్పడును. యంత్రము ఆ భేదమును గ్రహించి అంకెలుగా మార్చి, అంకెలను ధ్వనిగా మార్చును. వేడిమి, అయస్కాంతము రెండును కూడినగాని వ్రాత మారదు. కావున ఇంటిలోని చిన్న అయస్కాంతముల వలన టేపునకు గల భయము ఈ బిళ్ళకు లేదు.

అంత చిన్న బిళ్ళపై 74 నిమిషముల ధ్వని యెట్లు పట్టినది? ఇచట చిన్న లెక్క వేయవలెను. కాంపాక్టు డిస్కు పద్ధతిలో ధ్వనిని క్షణమునకు, అనగా సెకనుకు, 44,100 సార్లు కొలుతురు. ఒక్కొక్క కొలతకు 2 బైట్లు; కుడియెడమ చెవులకు రెండు ధారలు. అనగా సెకనుకు 1,76,400 బైట్లు. 74 నిమిషములకు 78 కోట్ల బైట్లకు పైగా నగును. మినీడిస్కులో అంత చోటు లేదు. అందుచే అట్రాక్ అను పద్ధతి నవలంబించి, ధ్వనిని సుమారు అయిదవ వంతునకు కుదించిరి. డప్పు పెద్దగా మ్రోగునప్పుడు ప్రక్కనున్న కాలిగజ్జెల సవ్వడి చెవి కెక్కదు. అట్లు చెవి గుర్తింపని భాగమును విడిచి, తక్కినదానిని మాత్రమే యీ పద్ధతి వ్రాసికొనును. వినువారికి లోపము సాధారణముగా తెలియదు. కాని ఒకసారి విడిచినది మరల రాదు.

ఇంకొక విశేషము కూడ తెలియవలెను. ఈ బిళ్ళలో ఏ పాట ఎచట మొదలై యెచట ముగియునో చెప్పు విషయసూచిక యొకటి యుండును. ముద్రణము ముగించి, యంత్రము ఆపిన పిమ్మటనే ఆ సూచిక వ్రాయబడును. ఆ లోపల విద్యుత్తు పోయినను, బ్యాటరీ ఊడినను, ధ్వని బిళ్ళపై నున్నను సూచికలో చేరదు. యంత్రము దానిని గుర్తింపదు. ఇది విషయసూచిక చినిగిన పుస్తకము వంటిది మాత్రమే కాదు. పుటల సంఖ్యలు లేక, కట్టు విప్పి చెదరగొట్టిన పుస్తకము వంటిది.

ఇట్టి గుణములు గల యంత్రము ఎంత కాలము నిలిచినది? 2001 నాటికి లోపల బిళ్ళయే లేని పాటల యంత్రములు బజారునకు వచ్చెను. జనులు వాని వైపు మరలిరి. సోనీ సంస్థ 2011లో చేతి మినీడిస్కు యంత్రమును, 2013లో తక్కిన మినీడిస్కు యంత్రములను పంపుట మానుకొనెను. 2025 ఫిబ్రవరిలో వ్రాయదగిన బిళ్ళల తయారీ కూడ ఆగెను. బిళ్ళ చెడలేదు, దానిని చదువగల యంత్రము అరుదయ్యెను. తాళము గట్టిగానే యున్నది. తాళపుచెవులు ఒక్కొక్కటిగా పోవుచున్నవి.

చేవెళ్ళ ప్రాంతపు ఒక యింటిలో ఇట్టి బిళ్ళ యొకటి పెట్టె యడుగున నున్నదని విద్యార్థులు ఊహింపవలెను. ఇరువది యేండ్ల క్రిందట ఆ యింటి యజమాని, పరదేశమునుండి తెచ్చిన యంత్రముతో, తన నాయనమ్మ పాడిన నాట్ల పాటలను ముద్రించెను. ఆమె యిప్పుడు లేదు. ఎనిమిదవ తరగతి చదువు కుమార్తె ఆ బిళ్ళను చూచి, "నాయనా! ఇందులో నేమున్నది?" అని అడిగెను. "మీ ముత్తవ్వ గొంతు ఉన్నది బిడ్డా! వినిపించు యంత్రమే పలుకుట లేదు" అని తండ్రి చెప్పెను. ఇప్పుడు ఆ బాలిక చేయవలసిన దేమి?

మొదట బిళ్ళ తొడుగు అంచున నుండు చిన్న మీటను జరిపి, దానిపై క్రొత్త వ్రాత పడకుండ చేయవలెను. పొరపాటున ముద్రణపు మీట నొక్కినచో ముత్తవ్వ గొంతుపై వేరొక శబ్దము పడిపోవును. పిదప యంత్రమును పరీక్షింపవలెను. ఏండ్ల తరబడి లోపల విడిచిన బ్యాటరీ కారి, లోహపు రేకులను తినివేసి యుండవచ్చును. కందెన ఎండి పోవచ్చును. లేజరు బలము తగ్గవచ్చును. తెలిసినవారి చేత బాగు చేయించి, లేదా పనిచేయు యంత్రమును ఎరువు తెచ్చి, విలువ లేని బిళ్ళతో ముందుగా పరీక్షించిన పిమ్మటనే యసలు బిళ్ళను అందుంచవలెను.

ధ్వనిని బయటికి తెచ్చుటకు మార్గములు మూడు. మొదటిది అందరికిని అందుబాటులో నుండునది. యంత్రమునందు చెవిగొట్టములు తగిలించు రంధ్రమునుండి తీగ నొకటి కంప్యూటరునకు కలిపి, పాట పాడుచుండగానే మరల ముద్రించుట. 74 నిమిషముల బిళ్ళకు 74 నిమిషములు పట్టును. ధ్వని బలమును సరిచూచుకొనవలెను. ఎక్కువైనచో పెద్ద శబ్దములు చితికి గరగర లాడును. తక్కువైనచో పాటతో బాటు తీగల రొద వినవచ్చును. రెండవది, ఇంటిలో నుంచు పెద్ద యంత్రములలో కొన్నింటి కుండు వెలుగు ద్వారము. సన్నని గాజు లేక ప్లాస్టిక్కు పోగు గుండ, అంకెలు వెలుగు రూపమున నడచి కంప్యూటరును చేరును. ఇందు తీగల రొద చేరదు. కాలము మాత్రము అంతయే పట్టును. మూడవది, బిళ్ళలోని వ్రాతను ఉన్నదున్నట్లుగా కంప్యూటరునకు దించుకొనుట. ఇది శీఘ్రమైనది, మూలమునకు మిక్కిలి సన్నిహితమైనది.

ఈ మూడవ మార్గమునకు గల చరిత్ర గమనింపదగినది. 2001లో వచ్చిన మినీడిస్కు యంత్రములు కంప్యూటరు నుండి పాటలను బిళ్ళకు ఎక్కించుటకు వీలు కల్పించెను. కాని ముద్రించుకొన్న వాని సొంత గొంతును సైతము బిళ్ళ నుండి కంప్యూటరునకు దించుకొన నీయలేదు. పాటల దొంగతనమును ఆపుటకు వేసిన కట్టడి, తమ యింటి పాటను తాము తీసికొనువారికి కూడ అడ్డయ్యెను. 2006లో వచ్చిన యొక చేతియంత్రము మాత్రమే పాత బిళ్ళలలోని ముద్రణములను దించుటకు అనుమతించెను. ఇటీవల ఔత్సాహికులు కొన్ని పాత యంత్రముల నుండి కూడ వ్రాతను దించు ఉపాయమును కనుగొనిరి. ఇచ్చిన పాత్రనుండి తిరిగి తీసికొనుటకు వీలున్నదో లేదో ముందే విచారించుట వివేకము.

దించిన ధ్వనిని ఏ రూపమున దాచవలెను? కుదింపు లేని వేవ్ రూపమున నొక ప్రతిని దాచవలెను. మూడవ మార్గమున దించినచో, ఆ మూలపు వ్రాతను కూడ మార్చక యుంచవలెను. బంధువులకు పంపుటకు, చేతిఫోనులలో వినుటకు చిన్నదైన ఎం.పి.త్రీ ప్రతిని వేరుగా చేసికొనవచ్చును. కాని ఆ చిన్న ప్రతినే మూలముగా నెంచి దాని నుండి మరల ప్రతులు తీయరాదు. నేతిని ఒక కుండనుండి వేరొక కుండలోనికి, దానినుండి మరియొక దానిలోనికి వంచినకొలది, ప్రతి కుండకును కొంత అంటుకొని మిగులును. ఒకసారి కుదించిన ధ్వనిని మరల మరల కుదించినను అంతే. చెవి గుర్తింపదని విడిచిన చిన్న భాగములు చేరి చేరి, చివరకు చెవి గుర్తించునంత లోపమగును.

ప్రతి ఒక్కటి చాలదు. కనీసము మూడు ప్రతులుండవలెను. అవి యన్నియు ఒకే విధమైన సాధనములో నుండరాదు. ఒక ప్రతి వేరొక ఊరిలో నుండుట మేలు. ఇల్లు కాలినను, దొంగలు పడినను, యంత్రము చెడినను పాట మిగులును. అప్పుడప్పుడు తెరచి విని, చెడలేదని తెలిసికొనవలెను. బిళ్ళ ఖాళీ యయ్యెనని పారవేయరాదు; రేపు ఇంతకంటె మంచి మార్గము దొరకవచ్చును.

ఇవన్నియు చేసినను, ఒక్క పని మరచినచో శ్రమలో సగము వృథా యగును. అది వివరములను వ్రాయుట. పాడిన దెవరు? ఏ యూరు? ఏ సంవత్సరము? ఏ పని చేయుచు పాడు పాట? వంత పాడిన వారెవరు? పాట మధ్య వచ్చు పాత మాటకు అర్థమేమి? ఈ సంగతులు తెలిసిన పెద్దలు ఉన్నప్పుడే అడిగి వ్రాసికొనవలెను. పేరు లేని గొంతు, కొంత కాలమునకు ఎవరిదియు కాని గొంతగును. ఇతరులకు వినిపించుటకు ముందు, పాడినవారి యనుమతి గాని వారి కుటుంబపు టనుమతి గాని పొందుట మర్యాద. పొలములో వంగి నాట్లు వేసిన స్త్రీల పాటలను పలువురు తమ పేర ప్రకటించుకొనిన కాలము కలదు; పాడిన వారి పేరు మాత్రము ఎచటను కానరాదు. ఆ యన్యాయమును తీర్చుటకు ఒక చిన్న చీటీ చాలును.

ఇట్టి సేవను పెద్ద సంస్థలు చేయుచున్నవి. 1982లో స్థాపింపబడి నేడు గురుగ్రామమున నున్న సంగీత శాస్త్ర ధ్వనిభాండాగారము, విదేశీయులు భారతదేశమున ముద్రించి తీసికొనిపోయిన ధ్వనుల ప్రతులను తిరిగి యీ దేశమునకు తెచ్చి భద్రపరచుచున్నది. కాని ప్రతి పల్లెలోని ప్రతి పెట్టెను ఏ సంస్థయు తెరువజాలదు. ఆ పెట్టె ఏ యింటిలో నున్నదో ఆ యింటివారే తెరువవలెను.

మొయినాబాదు, చేవెళ్ళ బాట వెంట నగరము నేడు వేగముగా విస్తరించుచున్నది. నాట్లు వేసిన మళ్ళలో కొన్ని యిండ్ల స్థలములైనవి. మార్పు వలదనుట యెవరి తరమును కాదు. మారక ముందున్నదానిని ఎరుగుట మాత్రము అందరి తరము. నాటి వ్రాయసకాడు పండితుడే కానక్కరలేదు. కుదురైన చేయి, ఓర్పు, ఉన్నదున్నట్లు వ్రాయు నిజాయితీ ఉండిన చాలును. నేటి విద్యార్థికి గంటమునకు బదులు కంప్యూటరు కలదు. తక్కిన గుణములు అవియే కావలెను. ఇంటిలో పాత క్యాసెట్టు గాని, మినీడిస్కు గాని, చేతిఫోనులో మరచిన ముద్రణము గాని యున్నచో, దానిని వినిపించు యంత్రము పనిచేయుచున్న నాడే ఆ పనికి పూనుకొనవలెను.

ప్రశ్నలు

1. తాళపత్రములకు ప్రతులు వ్రాసినవారి పనికిని, ధ్వనిని క్రొత్త సాధనములోనికి మార్చువారి పనికిని గల పోలిక యేమి?
2. మోటపాట యెందుచే నిలిచిపోయెను?
3. మినీడిస్కుపై ధ్వని యెట్లు వ్రాయబడును? విషయసూచిక లేనిచో నేమగును?
4. కుదించిన ధ్వనిని మరల మరల కుదించుట యేల తగదు?
5. నీ యింటిలో గాని, నీ యూరిలో గాని పాత పాటలు తెలిసిన పెద్దలున్నచో, వారి పాటను భద్రపరచుటకు నీవు ఏ వివరములు వ్రాసికొందువు?